గోడ మీది థర్మోస్టాట్ హీటర్‌నీ ఏసీనీ ఎలా నడిపిస్తుంది: అమెరికాలో ఇల్లు చూసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

డాలస్ దగ్గర మేం ఇల్లు కొన్న మొదటి జూలైలో, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చిన రెండో వారం, ఒక మధ్యాహ్నం థర్మోస్టాట్ స్క్రీన్ ఆరిపోయింది. బయట 104 డిగ్రీలు, అంటే మన లెక్కలో 40. బ్రేకర్ ఆపి మళ్ళీ వేశాను, వెలగలేదు. షాపుకి పరిగెత్తి కొత్త థర్మోస్టాట్ తెచ్చి బిగించాను, అదీ వెలగలేదు. రాత్రి తొమ్మిదికి వచ్చిన టెక్నీషియన్ గోడ వైపు చూడకుండా నేరుగా ఆటిక్ ఎక్కాడు. ఏసీ కాయిల్ కింద ఉండే రేకు ట్రేలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ట్రే అంచుకి బిగించిన బొటనవేలంత ఫ్లోట్ స్విచ్, నీళ్ళు నిండితే కరెంటు ఆపేసేది, ఆ నీళ్ళలో పైకి తేలి ఉంది. దాన్ని వేలితో కిందికి నొక్కగానే కింద నుంచి నాన్న "వెలిగిందిరా!" అని కేకేశారు.

థర్మోస్టాట్‌కి ఏ జబ్బూ లేదు. దానికి కరెంటు వచ్చే దారిలో ఇంకో స్విచ్ తెగింది, అంతే. ఆ దారి ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉంటే అమ్మానాన్నలు ఆ సాయంత్రమంతా ఉక్కపోతలో కూర్చునేవారు కాదు. కొత్త థర్మోస్టాట్ డబ్బులూ మిగిలేవి. ఈ మార్గదర్శి ఆ దారి గురించే. గదికో స్ప్లిట్ ఏసీ తప్ప సెంట్రల్ హీటింగ్ అనేది చూడకుండా పెరిగి, ఇప్పుడు ఇక్కడ ఇల్లు చూసుకుంటున్న మనవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఇది బుర్రకెక్కాలి: థర్మోస్టాట్ ఒక స్విచ్

మన ఇళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకుకి పెట్టే ఆటోమేటిక్ స్టార్టర్ తెలుసు కదా. నీళ్ళు తగ్గితే మోటారు వేస్తుంది, నిండితే ఆపుతుంది. మోటారు ఎంత వేగంగా తోడాలన్నది దాని చేతిలో లేదు. థర్మోస్టాట్ పని కూడా సరిగ్గా ఇదే. నీళ్ళ మట్టం బదులు గది వేడిని చూస్తుంది.

అందుకే ఇంట్లో 80 ఉన్నప్పుడు 72కి పెట్టినా, విసుగొచ్చి 60కి పెట్టినా, మామూలు ఏసీ ఒకే వేగంతో చల్లబరుస్తుంది. 60కి పెడితే ఒక్కటే తేడా: 72 దాటిపోయాక కూడా ఆగదు. నాన్న మొదట్లో "చల్లబడట్లేదురా, ఇంకా తగ్గించు" అనేవారు. ట్యాంకు పోలిక చెప్పాక ఇక అడగలేదు. రెండు స్టేజీల మెషీన్లలో, వేరియబుల్ స్పీడ్ మెషీన్లలో వేగం మారుతుంది కానీ అక్కడా మీకు కావలసిన అంకె దగ్గరే పెట్టి వదిలేయడం మంచిది.

పాత థర్మోస్టాట్లలో రెండు లోహాల పట్టీ ఒకటి చుట్టగా ఉండేది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగి పట్టీ వంగుతుంది, దాని కొసన ఉన్న గాజు బుడ్డిలో పాదరసం ఒరిగి రెండు వైర్లని కలుపుతుంది. 1953లో హనీవెల్ తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్ ఆ రకమే, పాత ఇళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంది. మీ ఇంట్లో ఉంటే చెత్తబుట్టలో వేయకండి, అందులో పాదరసం ఉంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి. ఇప్పటివాటిలో థర్మిస్టర్ అనే చిన్న ముక్క వేడిని కొలుస్తుంది, రిలే అనే చిన్న స్విచ్ వైర్లని కలుపుతుంది. రూపం ఎంత మారినా పని మారలేదన్నట్టు, రెండూ చేసేది వైర్లు కలపడమే.

72కి పెడితే సరిగ్గా 72 దగ్గర ఆన్, ఆఫ్ అవ్వదు. సుమారు ఒక డిగ్రీ అటూ ఇటూ వదులుతుంది. లేకపోతే మెషీన్ నిమిషానికోసారి వెలిగి ఆరుతూ పాడైపోతుంది.

మొదటి అడుగు: మీ ఇంట్లో ఏ మెషీన్ ఉందో చూడండి

గ్యాస్ మీటర్ ఉండి, ఆటిక్‌లోనో బేస్‌మెంట్‌లోనో గరాజ్ పక్క గదిలోనో గ్యాస్ పైపు వెళ్ళే పెద్ద డబ్బా ఉంటే అది గ్యాస్ ఫర్నేస్. ఇంటి బయట ఉన్న ఫ్యాన్ యూనిట్ దాని ఏసీ. చలికాలంలో కూడా ఆ బయటి యూనిట్ తిరుగుతుంటే, థర్మోస్టాట్ మీద 'ఎమర్జెన్సీ హీట్' అనే ఆప్షన్ ఉంటే, అది హీట్ పంప్. గోడల కింద పొడవాటి ఎలక్ట్రిక్ బేస్‌బోర్డు హీటర్లు ఉండి, గదికో థర్మోస్టాట్ ఉంటే జాగ్రత్త. వాటికి చాలావరకు నేరుగా 120 లేదా 240 వోల్టులు వస్తాయి. కవర్ తీస్తే లావు వైర్లు, ప్లాస్టిక్ టోపీలతో చుట్టి కనిపిస్తాయి. అలా కనిపిస్తే కవర్ మూసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కింద చెప్పేవేవీ వాటికి పనికిరావు.

రెండో అడుగు: కవర్ తీసి వైర్లు చదవండి

ముందు ఫర్నేస్ బ్రేకర్ ఆపండి. తర్వాత థర్మోస్టాట్ ముందు భాగం మెల్లగా లాగితే చాలావాటిల్లో ఊడి వస్తుంది. వెనక పలక మీద సన్నటి రంగు వైర్లు, ఒక్కో వైరు పక్కన ఇంగ్లీషు అక్షరం. ఫర్నేస్ లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులని 24 వోల్టులుగా మారుస్తుంది. ఈ వైర్లలో తిరిగేది ఆ 24 వోల్టులే.

'ఆర్' అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు. 'సీ' తప్ప మిగతా అక్షరాలన్నీ దీనితో కలవడం కోసం ఎదురుచూసేవే. 'డబ్ల్యూ'తో కలిస్తే వేడి, 'వై'తో కలిస్తే బయటి యూనిట్, 'జీ'తో కలిస్తే ఇంట్లో గాలి తోసే బ్లోయర్. 'సీ' అనేది కరెంటు తిరిగి వెళ్ళే దారి. స్క్రీన్ ఎప్పుడూ వెలగాలంటే, వైఫై పనిచేయాలంటే ఇది కావాలి. హీట్ పంప్ ఉంటే 'ఓ/బీ' అని ఇంకోటి ఉంటుంది, దాని సంగతి తర్వాత. కొన్ని పలకల మీద 'ఆర్‌సీ', 'ఆర్‌హెచ్' అని రెండు ఉంటాయి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇళ్ళలో వాటి మధ్య చిన్న జంపర్ వైరు ఉంటుంది.

వైరు రంగుని నమ్మకండి. ఎరుపు ఆర్‌కి, తెలుపు డబ్ల్యూకి, పసుపు వైకి, ఆకుపచ్చ జీకి వేయడం ఆనవాయితీ, కానీ వేసినవాళ్ళ దగ్గర ఆ రోజు ఏ వైరు ఉందో ఎవరికి తెలుసు? అక్షరాన్నే చూడండి. ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. వీటన్నిటిలో ఎప్పటికైనా పనికొచ్చేది ఆ ఫోటోనే.

మూడో అడుగు: వేడి ఎలా వస్తుందో ఒకసారి దగ్గర నిలబడి వినండి

ఇది నిజంగా చేసి చూడండి. ఇంట్లో ఒకరిని థర్మోస్టాట్ దగ్గర నిలబెట్టి, మీరు ఫర్నేస్ దగ్గర ఉండి, హీట్‌లో పెట్టి అంకె ఐదు డిగ్రీలు పెంచమనండి.

థర్మోస్టాట్ ఆర్‌నీ డబ్ల్యూనీ కలపగానే మంట రాదు. ముందు ఒక చిన్న ఫ్యాన్ గుయ్‌మంటూ మొదలవుతుంది. అది ఇండ్యూసర్ మోటారు, పొగని గొట్టంలోంచి బయటికి లాగడానికి. లాగుడు సరిగ్గా ఉందని ప్రెజర్ స్విచ్ ఒప్పుకుంటేనే తర్వాతి పని. అప్పుడు ఇగ్నైటర్ వేడెక్కడం మొదలవుతుంది. ఫర్నేస్ తలుపుకి చిన్న గాజు కన్ను ఉంటే అందులోంచి నారింజ రంగు వెలుగు కనిపిస్తుంది. కాసేపటికి టక్‌మని గ్యాస్ వాల్వ్ తెరుచుకుని, నీలం మంటలు వరసగా బుస్సున అంటుకుంటాయి. మంట అంటుకుందో లేదో ఫ్లేమ్ సెన్సార్ అనే సన్నటి కడ్డీ చూస్తుంది. మంట కనబడకపోతే కొద్ది సెకన్లలో గ్యాస్ ఆపేస్తుంది. ఇంకో అర నిమిషం, లోపలి రేకులు వేడెక్కాక, పెద్ద బ్లోయర్ మొదలై వెంట్‌లలోంచి వేడిగాలి వస్తుంది. మొత్తం ఒకటి రెండు నిమిషాలు.

గది చాలినంత వేడెక్కాక ఆర్, డబ్ల్యూ విడిపోతాయి. మంట వెంటనే ఆగుతుంది, బ్లోయర్ మాత్రం ఇంకో రెండు నిమిషాలు తిరిగి రేకుల్లో మిగిలిన వేడిని ఇంట్లోకి తోస్తుంది. "హీటర్ ఆపేసినా గాలి వస్తోంది, పాడైందా?" అని కొత్తవాళ్ళు అడిగేది దీని గురించే. పాడవలేదు, వేడి వృథా పోకుండా చూస్తోంది.

ఇదంతా థర్మోస్టాట్ చేయడం లేదని గమనించారా? అది అడిగింది ఒక్క మాట. మిగతా వరసంతా ఫర్నేస్‌లోని కంట్రోల్ బోర్డు చూసుకుంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే ఏ భాగం పోయిందో సగం తెలిసినట్టే. ఇండ్యూసరే తిరగకపోతే బోర్డుకి కబురు అందలేదేమో, లేదా ఆ మోటారే పోయిందేమో. మంట అంటుకుని ఐదారు సెకన్లకే ఆరిపోతుంటే, తరచుగా ఫ్లేమ్ సెన్సార్ మీద మసక పట్టి ఉంటుంది. చాలా బోర్డుల మీద చిన్న లైటు ఉంటుంది, అది ఎన్నిసార్లు మెరిస్తే ఏ లోపమో తలుపు లోపలి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టెక్నీషియన్‌కి ఫోన్ చేసినప్పుడు ఆ లెక్క చెప్పండి.

నాలుగో అడుగు: చల్లదనం వచ్చే దారి

ఇందులో థర్మోస్టాట్ ఆర్‌ని వైతోనూ జీతోనూ కలుపుతుంది. జీ ఇంట్లో బ్లోయర్‌ని తిప్పుతుంది. వై వైరు ఫర్నేస్ బోర్డు మీదుగా ఇంటి బయటికి వెళ్ళి, అక్కడి యూనిట్‌లో కాంటాక్టర్ అనే స్విచ్‌ని లాగుతుంది. దాని కాయిల్‌కి 24 వోల్టులు చాలు. అది టక్‌మని పడగానే 240 వోల్టులు కంప్రెసర్‌కీ ఫ్యాన్‌కీ చేరతాయి. మన వైపు బోరు మోటారు స్టార్టర్‌లో చిన్న బటన్ నొక్కితే పెద్ద మోటారు తిరిగినట్టే ఇది.

ఏసీ ఆపి వెంటనే వేస్తే స్క్రీన్ మీద 'కూల్' అని మెరుస్తూ ఏమీ జరగదు. అది ఐదు నిమిషాల ఆగుడు. ఆపిన వెంటనే లోపల గ్యాస్ ఒత్తిడి ఒకవైపే ఉంటుంది, ఆ బరువు మీద కంప్రెసర్ మొదలైతే దెబ్బతింటుంది. పిల్లలు బటన్లు నొక్కి ఏసీ రాలేదంటే కంగారు పడకండి, ఐదు నిమిషాలు ఆగండి.

ఐదో అడుగు: హీట్ పంప్ ఉన్నవాళ్ళు మాత్రం ఇది చదవండి

హీట్ పంప్ అంటే వెనక్కి కూడా నడిచే ఏసీ. వేసవిలో ఇంట్లో వేడిని బయట పోస్తుంది, చలికాలంలో బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లో పోస్తుంది. ఎటు నడవాలో రివర్సింగ్ వాల్వ్ తిప్పుతుంది, ఆ వాల్వ్‌కి వెళ్ళే వైరే ఓ/బీ. చాలా కంపెనీల మెషీన్లలో చల్లదనానికి ఆ వాల్వ్‌కి కరెంటు ఇవ్వాలి, రీమ్, రూడ్ వంటి వాటిలో వేడికి ఇవ్వాలి. కొత్త థర్మోస్టాట్ పెట్టాక హీట్ వేస్తే చల్లగాలి, కూల్ వేస్తే వేడిగాలి వస్తుంటే మెషీన్ పాడవలేదు, సెట్టింగ్‌లో ఈ ఓ, బీ ఒకటి బదులు ఇంకోటి ఎంచుకున్నారు.

హీట్ పంప్ గాలి ఫర్నేస్ గాలంత వేడిగా ఉండదు. వెంట్ దగ్గర చెయ్యి పెడితే గోరువెచ్చగా, ఒక్కోసారి చల్లగా కూడా అనిపిస్తుంది, ఎందుకంటే మన ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది. అది సహజం. చలి బాగా ముదిరినప్పుడు బయటి యూనిట్ మీద మంచు కడితే అది కాసేపు వెనక్కి తిరిగి కరిగించుకుంటుంది, అప్పుడు పైనుంచి పొగలా ఆవిరి లేస్తుంది. నిప్పంటుకుందని భయపడవద్దు.

ఇక్కడే కరెంటు బిల్లు పేలిపోయే చోటు ఉంది. హీట్ పంప్‌కి తోడుగా 'ఆక్స్ హీట్' అని ఎలక్ట్రిక్ కాయిల్స్ ఉంటాయి, 5 నుంచి 15 కిలోవాట్ల దాకా. గీజర్లు నాలుగైదు ఒక్కసారి వేసినట్టు. గదికీ మీరు పెట్టిన అంకెకీ తేడా ఎక్కువైతే థర్మోస్టాట్ వీటిని పిలుస్తుంది. రాత్రి 60కి దించి పొద్దున్నే 72కి ఎగరేస్తే వచ్చేది ఇదే. కాబట్టి హీట్ పంప్ ఇళ్ళలో చలికాలం అంకెని రెండు మూడు డిగ్రీలకి మించి ఆడించకండి. 'ఎమర్జెన్సీ హీట్' అంటే పంప్‌ని ఆపేసి మొత్తం ఈ కాయిల్స్ మీదే నడపడం. పేరు చూసి బాగా చలిగా ఉన్న రోజు వేయాల్సింది అనుకుంటారు. కాదు, బయటి యూనిట్ పాడైనప్పుడు వేయాల్సింది.

ఆరో అడుగు: సెట్టింగులు

ఫ్యాన్ 'ఆటో'లో ఉంచండి. 'ఆన్'లో పెడితే ఏసీ ఆగినా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్ళలో అప్పుడు తడి కాయిల్ మీది నీళ్ళు మళ్ళీ ఇంట్లోకే వస్తాయి, జిగట జిగటగా ఉంటుంది. 'హోల్డ్' నొక్కితే షెడ్యూల్‌ని పక్కన పెట్టి మీరు పెట్టిన అంకె మీదే ఉంటుంది. షెడ్యూల్ పెట్టాం కానీ పనిచేయట్లేదు అనే ఫిర్యాదులో చాలాసార్లు ఎవరో హోల్డ్ నొక్కి ఉంటారు.

ఫర్నేస్, ఏసీ ఉన్న ఇళ్ళలో అంకెని రోజుకి ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు సడలిస్తే హీటింగ్, కూలింగ్ ఖర్చు ఏడాదికి 10 శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, పసిపిల్లలు రోజంతా ఉంటే మాత్రం నేను ఆ ఆదా జోలికి వెళ్ళను.

ఇల్లంతటికీ ఒకే థర్మోస్టాట్ ఉన్నచోట, తానున్న చోటి వేడే ఇల్లంతటి వేడి అనుకుంటుంది. దాని మీద ఎండ పడినా, కింద టీవీ పెట్టినా, పక్కన దేవుడి దీపాలు వెలిగించినా అది మోసపోతుంది. మా ఇంట్లో పూజ అల్మారా సరిగ్గా దాని కిందే పెట్టాం. దీపాలు పెట్టిన సాయంత్రాల్లో ఏసీ ఆగకుండా నడిచేది, పడకగదులు గడ్డకట్టేవి. అల్మారా ఎదురు గోడకి జరిపాం, తగ్గిపోయింది.

ఏడో అడుగు: పనిచేయకపోతే ఏ వరసలో వెతకాలి

స్క్రీన్ ఆరిపోతే, బ్యాటరీలుంటే అవి మార్చండి. తర్వాత బ్రేకర్. తర్వాత ఫర్నేస్ దగ్గర గోడ మీదుండే మామూలు లైటు స్విచ్ లాంటిది, దాన్ని ఎవరో లైటనుకుని ఆపి ఉంటారు. తర్వాత ఫర్నేస్ తలుపు. ఫిల్టర్ మార్చి తలుపు సరిగ్గా మూయకపోతే లోపలి డోర్ స్విచ్ నొక్కుకోదు, కరెంటు రాదు. వేసవి అయితే ట్రేలో నీళ్ళు, ఫ్లోట్ స్విచ్. అన్నీ బాగుంటే బోర్డు మీద కారులో ఉండే రకం చిన్న ఫ్యూజ్, ఊదా రంగుది 3 ఆంపియర్లు, లేత గోధుమ రంగుది 5. బ్రేకర్ ఆపకుండా థర్మోస్టాట్ వైర్లు కదిపినప్పుడు ఆర్, సీ తగిలితే పోయేది ఇదే. అదే విలువది వేయండి, పెద్దది వేయకండి.

స్క్రీన్ బాగుండి, అడిగినా మెషీన్ కదలకపోతే ఒక పరీక్ష ఉంది. బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ ముందు భాగం తీసి, చిన్న వైరు ముక్కతో ఆర్‌నీ జీనీ కలపండి. బ్రేకర్ వేయండి. బ్లోయర్ తిరిగితే కరెంటూ వైర్లూ బాగున్నట్టు. మళ్ళీ బ్రేకర్ ఆపి, అలాగే ఆర్‌నీ డబ్ల్యూనీ కలిపి చూడండి. ఫర్నేస్ వెలిగితే తప్పు థర్మోస్టాట్‌దే, మార్చేయవచ్చు. వెలగకపోతే కొత్త థర్మోస్టాట్ కొనడం వృథా, నేను కొన్నట్టు. పరీక్ష అయ్యాక బ్రేకర్ ఆపి ఆ ముక్క తీసేయడం మర్చిపోకండి, అది ఉన్నంతసేపు వేడి ఆగదు. ఇది సన్న వైర్ల 24 వోల్టుల ఇళ్ళకే.

బ్లోయర్ తిరుగుతూ చల్లదనం లేకపోతే బయటికి వెళ్ళి చూడండి. బయటి యూనిట్ ఆగి ఉంటే దాని బ్రేకర్ వేరే ఉంటుంది, అది చూడండి. అది తిరుగుతూ, లోపలి రాగి పైపు మీద మంచు కట్టి ఉంటే కూలింగ్ ఆపి ఫ్యాన్ 'ఆన్'లో పెట్టి కరగనివ్వండి, ఫిల్టర్ మార్చండి. మూసుకుపోయిన ఫిల్టర్ చలికాలంలో ఇంకోలా బాధపెడుతుంది. గాలి ఆడక ఫర్నేస్ ఎక్కువ వేడెక్కి, లిమిట్ స్విచ్ మంటని ఆపేస్తుంది, బ్లోయర్ మాత్రం తిరుగుతుంది. మన వంటల పోపుకీ నూనె ఆవిరికీ ఫిల్టర్లు తొందరగా జిడ్డెక్కుతాయి, మేం వేసవిలో నెలకోటి మారుస్తాం.

ఎనిమిదో అడుగు: థర్మోస్టాట్ మార్చడం

బ్రేకర్ ఆపండి, పాతదాన్ని ఏదో ఒక మోడ్‌లో వేసి ఏదీ రాలేదని నిర్ధారించుకోండి. ఫోటో తీసుకోండి. ప్రతి వైరుకీ అది ఉన్న అక్షరం రాసి టేపు అంటించండి. వైర్లు గోడలోకి జారిపోకుండా పెన్సిల్‌కి చుట్టి పెట్టండి. కొత్త పలక బిగించి అక్షరానికి అక్షరం వేయండి. సీ వైరు లేకపోతే గోడ రంధ్రంలోకి తొంగి చూడండి, వాడని నీలం వైరు ఒకటి మడిచి ఉండవచ్చు. ఉంటే దాని అవతలి కొసని ఫర్నేస్ బోర్డు మీద సీకి కలపాలి. లేకపోతే అడాప్టర్ కిట్లు దొరుకుతాయి.

చివర్లో కొత్త థర్మోస్టాట్ అడిగే ప్రశ్నలకి తొందరపడి జవాబు చెప్పకండి. ఫర్నేసా, హీట్ పంపా అన్నది తప్పు చెబితే ఏదీ సరిగ్గా నడవదు. గంటకి ఎన్నిసార్లు వెలగాలని అడిగితే మామూలు గ్యాస్ ఫర్నేస్‌కి 5, తెల్ల ప్లాస్టిక్ పొగగొట్టం ఉన్న హై ఎఫిషియెన్సీ ఫర్నేస్‌కి 3, కంప్రెసర్‌కి 3 అని హనీవెల్ రకం థర్మోస్టాట్లలో పెడతారు.

మీరు ముట్టుకోకూడనివి మూడు. ఏసీలో గ్యాస్ నింపడం, దానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే అర్హులు. బయటి యూనిట్ మూత వెనక ఉన్న 240 వోల్టులు, కరెంటు ఆపినా అందులో కరెంటు దాచుకునే కెపాసిటర్ షాక్ కొట్టవచ్చు. గ్యాస్ వైపు ఏదైనా సరే. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్ళి అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో ఫర్నేస్ వేయకండి, అది వాసన లేని విషం.

ఇక ఆ ఫ్లోట్ స్విచ్. టెక్నీషియన్ ఆ రాత్రి చేసిందల్లా ఇంటి వెనక గోడ దగ్గర బయటికి వచ్చే సన్నటి తెల్ల పైపుకి వ్యాక్యూమ్ పెట్టి లాగడమే, లోపల నాచు ముద్దలా వచ్చింది. ఇప్పుడు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నెలకోసారి ఆటిక్ ఎక్కి, కాయిల్ పక్కన పైపుకి ఉన్న మూత తీసి, ఒక కప్పు తెల్ల వెనిగర్ పోసి, ట్రేలో చెయ్యి పెట్టి చూస్తాను. పొడిగా ఉంటే దిగి వచ్చేస్తాను.